డాబా మీద సగ్గుబియ్యం వడియాలు

బొగ్గు కరెంటు ప్లాంటు పక్క మా క్వార్టర్స్‌లో ఏ ఆడమనిషీ పొగగొట్టం వైపు చూడకుండా తీగ మీద బట్ట వేయదు. గాలి మా వైపు తిరిగిందా, ఉతికిందంతా బూడిద పట్టి మళ్లీ బకెట్లోకే. ఇక వడియాలంటారా, హాల్లో ఫ్యాను కింద ఆరాల్సిందే.

అలాంటిది వాతావరణం కాపాడే రూల్సేవో వచ్చి, ప్లాంటుకున్న ఒకే ఒక్క యూనిట్‌ను, మా ఆయన నడిపేదాన్ని, పక్కన పెట్టారు. ఎండ కరెంటు చాలనప్పుడు పిలిస్తేనే వెలిగించాలట. రెండు నెలలు పిలుపే లేదు. నేనైతే ఎగిరి గంతేసి తెల్ల దుప్పట్లన్నీ డాబా ఎక్కించాను. ఆయన మాత్రం రోజూ డ్యూటీకి పోయి మీటర్ల అద్దాలు తుడిచి వచ్చేవాడు.

"సల్లబడ్డ బాయిలరు. మళ్ల నా చేతిల అంటుకుంటదో లేదో" అన్నాడొకనాడు అన్నం కలుపుతూ. ఇంకో గరిటె పప్పు వడ్డించాను. కానీ అంత ఎండ కాస్తుంటే మనసెక్కడ ఆగుతుంది? మర్నాడే అత్తమ్మా నేనూ సగ్గుబియ్యం ఉడికించి, పాత పంచె పరిచి, డాబా నిండా వడియాలు పెట్టేశాం.

రెండో రోజు పదకొండింటికి ఆయన ఫోను.

"ఏమే, పిలుపొచ్చింది! రాత్రికి కరెంటు చాలదంట. లైటప్ చేస్తున్నం!"

"అంటుకుంటదా?"

"సూడాలె" అని పెట్టేశాడు.

ముందు నూనెతో వెలిగిస్తారు, తొలి పొగ నల్లగా వస్తుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆ పాఠం నాకు కంఠతా వచ్చు. పరుగున డాబా ఎక్కాను. మోకాళ్ల నొప్పి మరిచి అత్తమ్మ నా వెనకే. చుట్టూ డాబాల మీద ఆడవాళ్లు దుప్పట్లు, మిరపకాయలు లాక్కుంటూ ఒకటే కేకలు. నేను మాత్రం పంచె అంచు పట్టుకుని గొట్టం వైపే చూస్తూ ఉండిపోయాను. ఎంతసేపటికీ ఏమీ లేదు.

"ఏందే, ఎత్తు జల్దీ! మసి పడ్తది" అంది అత్తమ్మ.

"పడనీ అత్తమ్మా. పడితే చాలు" అన్నాను.

అప్పుడు గొట్టం మూతి దగ్గర సన్నగా ఓ నల్ల చార. ఆ వెంటనే గుప్పుమని పొగ! నేను పిచ్చిదానిలా గెంతాను. నవ్వాపుకోలేక అత్తమ్మ పిట్టగోడ పట్టుకుంది. "నా కొడుకు ముట్టిచ్చిండే!" అని పక్క డాబాలన్నిటికీ వినబడేలా అరిచింది.

పంచెతో సహా కిందికి దించిన వడియాలు ఇక ఫ్యాను కిందే ఆరాయి. వేయించి పెడితే ఆయన ఒకటి వెలుగుకు పట్టి చూశాడు.

"గీ నల్ల సుక్కలేంది?"

"జీలకర్ర" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

ఆయన నోట్లో వేసుకుని, మెల్లగా నమిలి, "మంచి జీలకర్ర" అని పళ్లెం మొత్తం తన ముందుకు లాక్కున్నాడు.