రూతమ్మ ఆంటీ డ్రాగన్ల ఊపిరి

పోయిన వారం లోవర్ హట్ ఊళ్లోని మా లైబ్రరీలో పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి వరుసలో నిలబడ్డాను. వెనక ఆటల గది తలుపు ఎవరో తీశారు. లోపలి నుంచి ఒక శబ్దం వచ్చింది. ఏదో పెద్ద జంతువు గొంతు అడుగు నుంచి నిదానంగా గాలి పీల్చుకుంటున్న శబ్దం, కొలిమి తిత్తి సాగుతున్నట్టు. తర్వాత అరక్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత భగ్గుమని మంట. నేను తిరిగి చూడలేదు. చూడకుండానే నా భుజాలు కిందికి దిగాయి, పక్కటెముకలు విచ్చుకున్నాయి, ఆ జంతువుతోపాటు నేనూ నిండుగా గాలి పీల్చుకున్నాను. నా ముందున్న పెద్దావిడ వెనక్కి తిరిగి, బాగానే ఉన్నావా అని ఇంగ్లీషులో అడిగింది. బాగున్నానండీ అన్నాను. నిజంగానే బాగున్నాను. అలా బాగుండడానికి కారణమైన మనిషి గురించి ఎప్పుడో రాయాల్సింది, ఇప్పుడు రాస్తున్నాను.

ఆ శబ్దం ఒక డ్రాగన్ల వీడియో గేములోది. ఆ ఆట భాగాలుగా వచ్చింది. మొదటి భాగంలో డ్రాగన్‌కి నిప్పు ఊదడం ఒక్కటే తెలుసు. రెండో భాగంలో మంచు ఊదడం నేర్చుకుంది, మూడో భాగంలో రాయి. నాకివన్నీ చెప్పింది మా పక్కింట్లో ఉండే రూతమ్మ ఆంటీ. ఒంగోలు దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఇక్కడి ఆసుపత్రిలో ఊపిరితిత్తుల వార్డులో నర్సుగా చేసేది. యాభై దాటిన మనిషి. జారుముడి, మోకాళ్ల నొప్పులు, ఆదివారం ఆరాధనకి ఇస్త్రీ చీర. డ్యూటీ నుంచి రాగానే కాళ్లు స్టూలు మీద చాపుకుని, టీ కప్పు పక్కన పెట్టుకుని, కంట్రోలర్ అందుకునేది. ఈ దేశం వచ్చిన మొదటి శీతాకాలంలో, నలుగురు నర్సులు కలిసి ఉన్న ఫ్లాట్‌లో, ఆస్ట్రేలియా వెళ్లిపోతున్న అమ్మాయి ఎవరో ఆ గేము ఆడే పెట్టెను వదిలేసి పోయిందట. "మాట్లాడే దిక్కులేక మొదలుపెట్టానమ్మా. ఇంట్లో నా మాట వినేది ఆ డ్రాగన్ ఒక్కటే" అనేది.

నేను బడికి వెళ్లలేదు. మా అమ్మే నాకు బడి. వంటింటి బల్ల మీద పొద్దున్నే ప్రార్థన, తర్వాత తెలుగు, తర్వాత లెక్కలు, ఇంగ్లీషు. అమ్మ భక్తి వల్ల కొంత, నా ఉబ్బసం వల్ల కొంత, అలా ఇంట్లోనే చదివించింది. మా ఇల్లు చెమ్మ ఇల్లు. చలికాలం పొద్దున కిటికీ అద్దాల మీద కారే నీళ్లు తువ్వాలుతో తుడవడం నా మొదటి పని. నా దగ్గర రెండు ఇన్‌హేలర్లు ఉండేవి. నీలం రంగుది ఆయాసం వచ్చినప్పుడు. నారింజ రంగుది ఆయాసం రాకుండా రోజూ. నీలందే నా జేబులో ఉండేది. నారింజది చెంచాల సొరుగులో, పైన ప్లాస్టిక్ కాగితం కూడా విప్పకుండా. డాక్టరు చెప్పినప్పుడల్లా అమ్మ మర్యాదగా తలూపేది. ఇంటికొచ్చాక, "బాగున్నప్పుడు మందెందుకే? ఒకసారి అలవాటైందంటే జీవితాంతం వదలదు" అనేది. అమ్మను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆమె పెరిగిన చోట అందరూ అన్న మాటే అది. పిల్ల మీద ప్రేమతోనే అన్నారు అందరూ.

నాకు పన్నెండేళ్లప్పుడు అమ్మకు వృద్ధాశ్రమంలో మధ్యాహ్నం షిఫ్టు దొరికింది. రెండింటికి నన్ను ఆంటీ దగ్గర దిగబెట్టి వెళ్లేది. మొదటి రోజు లెక్కల పుస్తకం చంకన పెట్టుకుని లోపలికి వెళ్లి, టీవీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. మేము చదువుకునే బైబిలు వాక్యంలో ఆ ఆకారానికి ఘటసర్పం అని పేరు. అది అపవాది, అంటే సాతాను.

"ఆంటీ! అది ఘటసర్పం కదా!"

"అవునేమో తల్లీ. కాస్త పక్కకి జరుగు, అది నాకు కనపడట్లా."

"మీరు ప్రార్థన చేసుకుంటారు కదా?"

"చేసుకునే కూర్చున్నా. ముందు ఆ పిల్లలకి చలి మంట వేయనీ."

నిజంగానే ఆ డ్రాగన్, మంచులో చిక్కుకుపోయిన ఒక ఊళ్లో ఇంటింటికీ వెళ్లి పొయ్యిలు వెలిగిస్తోంది. తర్వాత నదిమీద మంచు ఊది వంతెన కట్టింది. కొట్లాటలూ ఉన్నాయి, లేవనను. కానీ నేను అనుకున్న అపవాది అలాంటి పనులు చేస్తాడని ఎవరూ చెప్పలేదు. నాలుగో రోజుకి కంట్రోలర్ నా చేతిలో ఉంది. "మీ అమ్మకి చెప్పావా?" అని ఆంటీ అడిగింది. "చెప్పాను, సరేనంది" అన్నాను. చెప్పలేదు. నా జీవితంలో నేను ఆడిన మొదటి పెద్ద అబద్ధం అదే.

ఆ ఆటలో డ్రాగన్ ఊపిరికి ఒక కొలత ఉంటుంది, తెరమీద ఓ మూల సన్నటి గీతలా. ఊదుతున్నకొద్దీ తగ్గిపోతుంది. పూర్తిగా అయిపోతే డ్రాగన్ ముందు కాళ్ల మీద కూలబడి రొప్పుతుంది, దారినపోయే ప్రతి మృగమూ వచ్చి తన్నిపోతుంది. దారి పక్కన అక్కడక్కడా పచ్చగా మెరిసే పూలు ఉంటాయి. వాటిని వాసన చూస్తే కొలత నిండుతుంది. నేను ఒక్కసారీ ఆగేదాన్ని కాదు. పూలను దాటుకుని పరిగెత్తడం, శత్రువు కనపడగానే ఉన్నదంతా ఊదేయడం, కూలబడడం. "ఏందే ఆ తొందర? రైలు తప్పిపోతుందా?" అని వెక్కిరించేది ఆంటీ. ఒకరోజు డ్రాగన్ అలాగే రొప్పుతుండగా ఆంటీ తెర వైపు కాకుండా నా వైపు చూసింది. నా మెడ దగ్గర గుంట లోపలికి పీక్కుపోతోంది. "నువ్వూ దానిలాగే ఉన్నావు. నారింజ రంగుది ఎక్కడ?" అంది. సొరుగు సంగతి చెప్పాను. ఆంటీ కోప్పడలేదు. "మీ అమ్మను కాదని నేను నీకు మందు ఇవ్వను. అమ్మతో మాట్లాడతా" అంది. రెండుసార్లు మాట్లాడింది కూడా, కంచె దగ్గర. రెండుసార్లూ అమ్మ నవ్వుతూ "చూద్దాం అక్కా" అంది. అంటే చూడనని అర్థం.

మందు ఇవ్వకపోయినా ఊపిరి నేర్పింది. వార్డు నుంచి తెచ్చుకున్న, ఊపిరి బలం కొలిచే ఒక గొట్టం ఉండేది ఆమె దగ్గర, బలంగా ఊదితే ముల్లు పైకి జరిగేది. "నిప్పు!" అనేది. నిండా పీల్చి ఒక్కసారిగా ఊదాలి. అది నిప్పు ఊపిరి. ఆయాసం మొదలైతే "మంచు, మంచు" అనేది. వేడి టీ చల్లార్చినట్టు పెదవులు దగ్గర పెట్టి సన్నగా, పొడుగ్గా వదలాలి. డ్రాగన్ వంతెన కట్టేది అలాగే. ఇన్‌హేలర్ పీల్చాక కదలకుండా పది లెక్కపెట్టి ఆపడం రాయి. నాకు శరీర శాస్త్రం అలా వచ్చింది. అమ్మ పెట్టిన సైన్సు పాఠంలో ఊపిరితిత్తుల బొమ్మ గీసి, కింద మూడు డ్రాగన్లు గీయబోయి, భయపడి చెరిపేశాను.

ఆ ఏడు జూలైలో, ఈ దేశంలో అది నడి చలికాలం, దక్షిణం నుంచి చలిగాలి ఆగకుండా వీచిన వారం ఒకటి వచ్చింది. జలుబుతో మొదలై, ఓ మధ్యాహ్నం ఆంటీ ఇంట్లో ఊపిరి నిజంగా అయిపోయింది. మాట రాలేదు. నీలం ఇన్‌హేలర్ పట్టించి, అంబులెన్స్‌కి ఫోన్ చేసి, నా వెనక కూర్చుని వీపు మీద చెయ్యివేసి, "మంచు తల్లీ, మంచు. వంతెన కట్టుకో. తొందరేం లేదు" అంటూనే ఉంది ఆంటీ. ఆమె గొంతు ఒక్కసారి కూడా వణకలేదు. ఆసుపత్రిలో మాస్కు పెట్టాక అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది, ఆశ్రమం యూనిఫాంతోనే. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "అమ్మా, నేను పూల దగ్గర ఆగలేదు" అన్నానట. ఏ పూలు అని అడిగింది. ఊపిరి కోసం అంత పెనుగులాడాక అబద్ధం చెప్పే ఓపిక ఉండదు. ఆట గురించీ, ఆ పూల గురించీ, ఘటసర్పం గురించీ అన్నీ చెప్పేశాను.

ఇంటికి వచ్చిన మర్నాడే అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆంటీ తలుపు తట్టింది. కోటు విప్పలేదు. హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని సోఫా అంచున కూర్చుంది. అమ్మ వద్దంటే నాకు ఆంటీ ఇల్లు పోతుంది. సొరుగు మూసే ఉంటుంది. దాని తర్వాత వచ్చే చలికాలాన్ని నేను దాటతానో లేదో అని ఆ వయసులోనే భయం వేసింది.

"రూతమ్మక్కా, మా పిల్ల ప్రాణం కాపాడారు. మీ రుణం తీర్చుకోలేను. కానీ మీరు దేవుణ్ణి ఎరిగిన మనిషి. పిల్ల చేత ఘటసర్పాన్ని ఆడించడమేంటి? నాకొక్క మాట చెప్పొద్దా?"

ఆంటీ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. "నీకు చెప్పానని నేనే అబద్ధమాడానమ్మా" అన్నాను.

"నేనూ నిన్ను అడగాల్సింది కరుణా. అడగలేదు. తప్పే" అంది ఆంటీ అమ్మతో. "పది నిమిషాలు కూర్చుని చూడు. చూశాక వద్దంటే ఆ పెట్టె అటక మీద పెట్టేస్తా. సుధా, నువ్వు ఆడు."

నేను కంట్రోలర్ అందుకున్నాను. అమ్మ చూస్తోందన్న కంగారులో ఎప్పటిలాగే పరిగెత్తించాను. దారి పొడవునా పచ్చగా పూలు. ఒక్కదాని దగ్గరా ఆగలేదు. కొండ మలుపులో ఎలుగుబంటి ఎదురైంది. ఉన్న నిప్పంతా ఊదేశాను. గీత ఖాళీ అయింది. డ్రాగన్ కూలబడి రొప్పడం మొదలుపెట్టింది, పక్కటెముకలు ఎగిసిపడుతూ.

అమ్మ ముందుకు వంగింది. "అయ్యో, లేవదేం?"

"ఊపిరి అయిపోయింది" అంది ఆంటీ.

"అయిపోదా మరి! దారంతా పూలున్నాయి కదే! బాగున్నప్పుడు నాలుగుచోట్ల ఆగి పీల్చుకుని రావచ్చుగా! మీదపడ్డాక చూసుకుందాంలే అంటే..."

అక్కడ అమ్మ మాట ఆగిపోయింది. ఆంటీ ఏదో ఒకటి అంటుందనుకున్నాను. అనలేదు. తన టీ కప్పులోకి చూస్తూ కూర్చుంది. గెలిచిన మాటను గెలిచానని చెప్పకుండా వదిలేయడం ఎంత కష్టమో పెద్దయ్యాక తెలిసింది నాకు. ఆ రోజు ఆమె చిన్నగా నవ్వినా అమ్మ లేచి వెళ్లిపోయేది. అమ్మ కళ్లు తుడుచుకుని, "ఆ పేరుతో మాత్రం పిలవకండి అక్కా. రెక్కల బల్లి అనండి" అంది. ఆ తర్వాత మా రెండిళ్లలోనూ అది రెక్కల బల్లే.

మర్నాడు పొద్దున ప్రార్థన అయ్యాక అమ్మ చెంచాల సొరుగు తీసింది. ప్లాస్టిక్ కాగితం విప్పి, వెలుతురులోకి పట్టుకుని చూస్తే, తేదీ ఎప్పుడో దాటిపోయింది. గొడుగు తీసుకుని వానలో ఫార్మసీకి నడిచి వెళ్లి, కొత్తది తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను పీల్చి, రాయిలా ఆపాను. పది నేను లెక్కపెట్టలేదు. అమ్మే పైకి లెక్కపెట్టింది, తెలుగులో.

తేలిగ్గా అంతా బాగైపోలేదు. ఒకటి రెండు చలికాలాలు పట్టింది. పదిహేడేళ్లప్పుడు మా లోయ వెనక కొండ ఎక్కాలన్నాను, ఆంటీ తోడు వచ్చింది. సగం దారిలో వెనక నుంచి కేక. "ఆగవే! నా గీత అయిపోయింది!" మోకాళ్లు పట్టుకుని, పొదల పక్కన బండమీద కూర్చుని రొప్పుతోంది. నేను ఎదురుగా కూర్చుని, "మంచు ఆంటీ, మంచు" అన్నాను. "నాకే చెప్తావా!" అని కసిరింది గానీ, పెదవులు దగ్గర పెట్టి సన్నగా ఊదింది. తర్వాత కొన్నేళ్లకు చెల్లెలి దగ్గర ఉండడానికి హామిల్టన్ వెళ్లిపోయింది. చివరిసారి చూసినప్పుడు వేళ్లు వంకర్లు పోయి కంట్రోలర్ పట్టుకోలేకపోతోంది. నన్ను ఆడమని, పక్కన కూర్చుని, "అటు కాదు, ఇటు. ఇంకా ఆ తొందర పోలేదు నీకు" అని సాయంత్రం దాకా తిట్టింది. ఆ వసంతంలో దేవుడు ఆమెను నిద్రలో పిలుచుకున్నాడు. అమ్మ ఇప్పుడు మా చర్చి సంఘంలో ఉబ్బసం పిల్లలున్న తల్లులందరికీ ఫోన్ చేసి, రోజూ మందు వాడమని బతిమాలుతుంది. డ్రాగన్ సంగతి మాత్రం చెప్పదు.

నాలో మిగిలింది ఊపిరి ఒక్కటే కాదు. చిన్నప్పుడు నా ప్రార్థన కూడా జేబులోని నీలం ఇన్‌హేలర్ లాంటిదే. గొంతు మీదికి వస్తే తప్ప తీసేదాన్ని కాదు. ఇప్పుడు ఏ కష్టమూ లేని రోజున, ఎవరికీ జ్వరం లేని పొద్దున, పనికి వెళ్లే ముందు వంటింట్లో ఒక్క నిమిషం ఊరికే నిలబడతాను. ఏమీ అడగను. ఇచ్చినదానికి వందనాలని చెప్పుకుంటాను. నిండుగా పీల్చుకుని, పది లెక్కపెట్టి, బయటికి నడుస్తాను.