వెనక్కి వాలిన పన్ను

మా వదిన పోయింది. ఆ మాట చెప్పడానికి ఆమె కొడుకు నాచారం నుంచి ఉప్పల్‌లో ఉన్న నా చెక్క కార్ఖానాకు వచ్చాడు. అప్పుడే నేను మిషను బందు చేశాను. బందు చేసినా బ్లేడు వెంటనే ఆగదు. తిరుగుతూనే ఉంటుంది, మోత సన్నబడుతూ పోతుంది. అది పూర్తిగా నిలబడేదాకా మా దగ్గర ఎవరూ నోరు తెరవకూడదు. ఆ కట్టడి పెట్టింది వదినే. పిలిస్తే మిషను మీదున్నవాడు తల తిప్పుతాడు, తల తిప్పితే చెయ్యి ఎటు పోతుందో తెలియదని ఆమె భయం. కొడుక్కి అది తెలుసు. తలుపు దగ్గరే నిలబడ్డాడు. రేకుల సందులోంచి పడిన ఎండలో రంపపు పొట్టు మెల్లగా కిందికి దిగుతోంది. వాడి ముఖం చూశాను. తెలిసిపోయింది. అయినా వాడు చెప్పలేదు, నేను అడగలేదు. ఆ మోత ఉన్నంతసేపు వదిన బతికే ఉంది.

బ్లేడు ఆగింది.

"కాకా, అమ్మ పోయింది" అన్నాడు.

నాకు రాత అంతగా రాదు. కానీ ఆమె గురించి ఇంకొకరు రాస్తే తప్పు రాస్తారు. అందుకే నేనే రాస్తున్నాను.

నాచారంలో రంపం బ్లేడ్లకు సాన పట్టే దుకాణం మా అన్నది. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక గడప. అన్న పోయినప్పుడు నేను వదినకు సలహా చెప్పాను. "దుకాణం ఎవరికన్న ఇచ్చెయ్ వదినా. ఆడమనిషివి, నిప్పురవ్వలతోని నీకేం పని?"

"మీ అన్న సాన పడుతుంటె ఇన్నేండ్లు పక్కన గూసున్నది ఎవ్వలు? నువ్వా?" అన్నది. మరునాడే అన్న కుర్చీలో కూర్చుంది. చేతుల కుర్చీ అది. వీపు మొత్తం వెనక్కి వాల్చి, కళ్ళు సగం మూసి కూర్చునేది. కొత్తవాళ్ళు నిద్రపోతోందనుకునేవారు. బ్లేడును వేలి గోటితో ఒకసారి కొట్టి వినేది. గంట మోగినట్టు మోగితే పక్కన పెట్టేది. బొంగురుగా పలికితే, "ఎక్కడనో పగులు వట్టింది, ఇగ దీన్ని ముట్టకు" అని తిరిగి ఇచ్చేది.

నా మిషను సంగతి చెప్పాలి. కాగితం మీద దాన్ని రేడియల్ ఆర్మ్ సా అంటారు. మేము చెయ్యి మిషను అంటాం. ఒక ఇనప చెయ్యి బల్ల మీదికి చాచుకుని ఉంటుంది. మోటారు, బ్లేడు దానికి వేలాడతాయి. కట్టెను కదలకుండా పెట్టి, బ్లేడును పట్టుకుని మన వైపుకి లాగాలి. బల్ల మిషనులో కట్టె బ్లేడు దగ్గరికి పోతుంది. ఇందులో బ్లేడే మన దగ్గరికి వస్తుంది. అంతా అక్కడే ఉంది.

మా పనివాళ్ళ తెలివి ఒకటే. నడుమ బొక్క ఇరుసుకు సరిపోయిందా, బ్లేడు సరిపోయినట్టే. మిషను కొన్న కొత్తలో నేనూ బల్ల మిషను బ్లేడు తీసి దానికి బిగించాను. లాగానో లేదో అది కట్టె మీదికి ఎక్కి నా పొట్ట మీదికి ఉరికింది. నేను చురుకైనవాణ్ణి, తప్పుకున్నాను. ఇంకొకడైతే దవాఖానాలో ఉండేవాడు. చొక్కా అంచు మాత్రం పోయింది.

ఆ చొక్కా చూసి వదిన నవ్వింది. బ్లేడు అడిగి తీసుకుని వెలుగుకి ఎత్తి పట్టింది. "గీ పండ్లు సూడు, ముందుకు వంగి ఉన్నయ్. గివి గుంజుకునే పండ్లు, బల్ల మిషనుకు. నీ చెయ్యి మిషను ముందే ఉరుకుతది. నువ్వూ ఉరుకుడే, మిషనూ ఉరుకుడే. పన్నన్న ఎనకకు వాలి ఉండాలె గద మరిదీ."

ఆ రోజు నుంచి నేను ఎప్పుడు పోయినా కుశలం కంటే ముందు అదే ప్రశ్న. "ఏం కట్టె? నిలువా, అడ్డమా?" కట్టెను నిలువుగా చీల్చాలంటే తక్కువ పళ్ళు, పెద్ద సందులు ఉన్న బ్లేడు. అడ్డంగా కోయాలంటే ఎక్కువ పళ్ళది, సన్నది. చెయ్యి మిషనుకైతే ఏదైనా పన్ను వెనక్కి వాలాల్సిందే. జవాబు చెప్పకపోతే బ్లేడు ఇచ్చేది కాదు. "నాకు తెల్వదా వదినా?" అంటే, "తెలిస్తె నా దగ్గరికి ఎందుకొచ్చినవ్?" అనేది. నేను కోసిన చెక్క చూపిస్తే కోసిన అంచు మీద బొటనవేలు నడిపేది. "మాడింది" అనేది. లేకపోతే "పెచ్చు లేసింది" అనేది. నారపల్లి దాకా ఎన్ని వెంచర్లలో నా దర్వాజాలు నిలబడ్డాయో చెప్పినా సరే, బాగుందని మాత్రం అనలేదు.

తర్వాత ఆమె కాళ్ళు పడిపోతూ వచ్చాయి. వాకర్ పట్టుకుని ఇంట్లో నడిచేది కానీ గడప దాటలేకపోయింది. అటువైపు దుకాణం, కుర్చీ. ఇటువైపు మంచం. రోజంతా మంచం మీద పడుకుని దుకాణంలో కొడుకు సాన పట్టే శబ్దం వినేది. కొడుకు ఎత్తుకుని కుర్చీలో కూర్చోబెడతానన్నాడు.

"నేనేమన్న సామానా, మోసుకపోతందుకు?"

"పోనీ గడప కోసేద్దామమ్మా" అన్నాడు.

"నా కాలు లేస్తలేదంటె తప్పు కాలుది. గడపనెందుకు కోస్తవ్?"

నేను మంచం పక్కన నిలబడి అన్నాను. "గడపకు అటొకటి ఇటొకటి వాలు బల్ల జేస్తా. వాకర్ జారకుంట పైకెక్కుతది, దిగుతది."

కళ్ళు తెరిచింది. "ఏం కట్టె?"

"టేకు."

"నిలువా, అడ్డమా?"

"అడ్డం."

"నీ తాన ఉన్నది వద్దు. దుకాణంల ఫ్యాను ఎనక మేకుకు పేపరు సుట్టి ఒకటుంది. గది వట్టుకపో. నేను నడిషే చెక్క, ఉరుక్కుంట కొయ్యకు."

పేపరు విప్పాను. సన్న పళ్ళు, అన్నీ వెనక్కి వాలినవే. కాళ్ళు పడిపోక ముందు ఆమె చేత్తో పట్టిన సాన. బిగించి చెక్క పెట్టి లాగాను. కొంచెం కూడా మీదికి ఉరకలేదు. నేను లాగినంతే వచ్చింది, నిద్రలో నడిచినట్టు వచ్చింది. కార్ఖానా అంతా టేకు వాసన నిండింది. కోసిన అంచు అద్దంలా ఉంది. రందాతో చిత్రిక పట్టలేదు, ఉప్పుకాగితం రుద్దలేదు. అట్లాగే తీసుకుపోయి గడపకు బిగించాను.

వదిన వాకర్ పట్టుకుని వచ్చింది. నేను చెయ్యి ఇవ్వబోతే కళ్ళతోనే వద్దంది. పైకెక్కింది, గడప మీద కాస్త ఆగింది, అటువైపు దిగింది. పోయి తన కుర్చీలో వెనక్కి వాలింది. మిగిలిన చెక్క ముక్క ఇమ్మని చెయ్యి చాపింది. అంచు మీద బొటనవేలు నడిపింది. మళ్ళీ నడిపింది.

"గీ బ్లేడు ఎవ్వలిచ్చిన్రు?" అన్నది.

"నువ్వే గద."

"గందుకే" అన్నది, కళ్ళు మూసుకుంది. ఆ ముక్క మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుంది.

ఆ తర్వాత పోయేదాకా రోజూ ఆ గడప దాటింది. మోయించుకోనన్న మనిషిని చివరికి నలుగురు మోశారు. ఇంట్లోంచి దుకాణం మీదుగా వీధిలోకి తీసుకుపోతుంటే వాళ్ళ కాళ్ళనే చూస్తూ నిలబడ్డాను. గడప దగ్గర ఒక్కరి కాలూ తట్టుకోలేదు.

బ్లేడు ఇంకా నా మిషనుకే ఉంది. సాన పోతోంది, మార్చాలి. మారుస్తాను. పని అయ్యాక స్విచ్చు తీస్తాను, ఎవరూ మాట్లాడరు. మోత సన్నబడుతుంది. తిరిగేటప్పుడు బ్లేడు పొగలా ఉంటుంది, పళ్ళు కనిపించవు. నెమ్మదించే కొద్దీ పొగలోంచి ఒక్కొక్క పన్ను బయటికి వస్తుంది. ఆఖరికి అన్నీ ఎండలో నిలబడతాయి, వెనక్కి వాలి, తొందర లేకుండా, కుర్చీలో కళ్ళు సగం మూసుకుని కూర్చున్నట్టు.