పళ్ళు కనబడకుండా పాడమన్నారు

మర్రిగూడ దగ్గర ఒక గూడెంలో ఫ్లోరైడు బోరింగు నీళ్ళు తాగి పెరిగినదాన్ని. మా బాపు గొర్లు కాసేవాడు. నలభై ఏళ్ళు నిండకముందే ఆయన నడుము వంగిపోయింది. ఎదుటి మనిషితో మాట్లాడాలంటే మెడ పక్కకు తిప్పి కిందినుంచి చూసేవాడు. నాకు నడుము దక్కింది గాని పళ్ళు దక్కలేదు. పన్నెండేళ్ళకే పసుపు గార పట్టింది, దాని మీద గోధుమరంగు చారలు. ఆ నోటితోనే పాట నేర్చుకున్నాను, కీర్తనలు కట్టాను, పాలమూరులో ఒక ప్రభుత్వ కళాశాలలో ఇరవై ఏళ్ళకు పైగా సంగీతం చెప్పాను.

నాకు పాట నేర్పింది దేవరకొండలో ఉండే ఒక రిటైరైన టీచరమ్మ. అప్పుడు నేను అక్కడే హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. పెదవులు సగం మూసి పాడేదాన్ని. గమకం తప్పినా ఊరుకునేది గాని నోరు మూస్తే ఆమె ఊరుకునేది కాదు. "నోరు తెరువు బిడ్డా. స్వరం పండ్లల్లకెల్లి రాదు, కడుపులకెల్లి వస్తది" అనేది. ఆమె ముందు తెరిచాను. బయట తెరవడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. పోటీలకు పోతే న్యాయనిర్ణేతలు నా నోటి వైపు ఒకసారి చూసి, ఆ తర్వాత బల్ల మీది కాగితాలు చూస్తూ పాట వినేవారు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు మా వైపు పల్లెల్లో నల్లాలు పెట్టి కృష్ణ నీళ్ళు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ సందర్భంగా పెద్ద సభ పెడుతున్నామని, దానికి నీళ్ళ మీద ఒక పాట కట్టి మీ విద్యార్థినులతో పాడించాలని, ఏర్పాట్లు చూస్తున్న అధికారి నాకు ఫోన్ చేశాడు. సంతోషపడ్డాను. అబద్ధమెందుకు, ఆ రోజంతా గాల్లో తేలాను.

ఆయన అమృతవర్షిణిలో కట్టమన్నాడు. నీళ్ళనగానే అందరికీ గుర్తొచ్చే రాగం అదే. నేను దుఃఖానికి వాడే ముఖారిలో కట్టాను. నీళ్ళు వచ్చాయి, సంతోషమే. కానీ మా బాపు పోయాక వచ్చాయి. ఇంత ఆలస్యంగా వచ్చిన నీళ్ళకు ముఖారి కాక ఇంకేం పాడాలి? చరణంలో ఇలా రాశాను:

నీళ్ళు తాగిన పాపమా బాపూ
నేలను చూసే నడుమాయె

అధికారి విని, ఇది సంబురం మేడం, ఇందులో ఏడుపెందుకు, ఆ చరణం తీసేసి రాగం మార్చండి అన్నాడు. నేను మార్చాను. ఈ మాట రాస్తుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది, అయినా రాయాలి. చరణం తీసేశాను, మిగిలినదాన్ని మోహనంలోకి దించాను. ఎనిమిది మంది పిల్లలు, ఎన్నడూ పెద్ద స్టేజి ఎక్కనివాళ్ళు. వాళ్ళకు ఆ స్టేజి దక్కాలి అని సర్దిచెప్పుకున్నాను.

ఆ ఎనిమిది మందిలో పాట ఎత్తుకునేది మా మర్రిగూడ వైపు పిల్లే. నా ఇన్నేళ్ళ కొలువులో అంత గొంతు మళ్ళీ దొరకలేదు. పైషడ్జం మీద ఎంతసేపైనా నిలబడేది, ముఖంలో కష్టం కనబడేది కాదు. పళ్ళు నా కంటే అన్యాయం.

సభకు రెండు రోజుల ముందు మైదానంలో రిహార్సల్ పెట్టారు. స్టేజి పక్కన పెద్ద తెర కట్టారు. పిల్లలు పల్లవి అందుకోగానే ఆ తెర మీద మా పిల్ల ముఖం ఇంటి గోడంత కనబడింది. అధికారి చెయ్యెత్తి ఆపించాడు. నన్ను పక్కకు పిలిచి, ఆ అమ్మాయి వెనక వరుసలో నిలబడి పాడనీయండి, ముందు నిలబడడానికి నేను వేరే అమ్మాయిలను పంపిస్తాను, వాళ్ళు పెదవులు కదిపితే చాలు అన్నాడు. నాకు వెంటనే అర్థం కాలేదు. అప్పుడు విడమరిచి చెప్పాడు.

"పండ్లు కనవడకుండ చూడుండ్రి మేడం. నీళ్ళ పండుగల గా పండ్లెందుకు?"

"గా పండ్ల కోసమే గదా సార్, గీ నీళ్ళు తెచ్చింది" అన్నాను.

ఆయన నా నోటి వైపు చూశాడు. అప్పటిదాకా గమనించలేదేమో. చూపు తిప్పుకున్నాడు.

ఈలోపు ఆ పిల్లే మా దగ్గరికి వచ్చింది. అంతా విన్నట్టుంది. "నేను ఎనక నిలవడ్త మేడం. నాకేం గాదు, మైకుంటే సాలు" అంది. చాలా మామూలుగా అంది. అధికారి మాటకు వచ్చిన కోపం ఒక ఎత్తు, ఆ పిల్ల మామూలు గొంతు ఒక ఎత్తు. ఇరవై ఏళ్ళు నిండని పిల్ల, వెనక్కి పోవడం ఇంత బాగా ఎక్కడ నేర్చుకుంది? శ్రుతిపెట్టె సంచిలో పెట్టుకుని, ఎనిమిది మందినీ స్టేజి దింపి, ఎవరినీ ఒక్క మాట అడగకుండా బస్టాండుకు నడిపించాను.

సభ ఆగలేదు. ఎవరిదో రికార్డు వేశారట. నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. పళ్ళు కనబడకుండా పాడడం నేను నేర్చుకోలేదు, నేర్పలేను అని ఒక్క వాక్యం రాసి ఇచ్చాను. తోటి లెక్చరర్లు భుజం తట్టారు. కానీ అది అబద్ధం. నేను నేర్చుకున్నాను, పదేళ్ళపాటు బాగా నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ సభకూ మా పిల్లలను పిలవలేదు. నేను రిటైరయ్యాక నా జాగాలో ఎవరినీ వేయలేదు కూడా.

సభ తర్వాత ఆ పిల్ల వారం రోజులు క్లాసుకు రాలేదు. వచ్చిన రోజు అందరూ వెళ్ళిపోయేదాకా కూర్చుని, తల వంచుకునే చెప్పింది.

"మా అమ్మ ఆ దినం పత్తి ఏరుడు ఇడిసిపెట్టి, బస్సెక్కి సభకు పోయింది మేడం, నా పాట ఇననీకి. పాడుతలేమని పక్కింటోల్లకు ఫోన్ల చెప్తే ఆ మాట ఆమెకు అందలె. పొద్దూకేదాంక గాడనే కూసుంది. మీ కోపం మీరు తీర్సుకున్నరు. పోయింది నా పాట."

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమె మీద కూడా కోపం వచ్చింది. నీ కోసమే కదా చేసింది అనబోయాను. తాళం వేసుకునే చెయ్యి తొడ మీద అలాగే ఉండిపోయింది. ఆమె తల్లిని తలుచుకున్నాను. ముఖం ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. రికార్డులో వచ్చే ప్రతి గొంతులో కూతురి గొంతు వెతుక్కుని ఉంటుంది.

ఆ పిల్ల కోర్సు పూర్తిచేసింది. ఇప్పుడు ఒక గురుకుల పాఠశాలలో సంగీతం చెబుతోంది. పోయిన ఏడాది నల్లగొండలో ఒక పెళ్ళిలో కలిసింది. భోజనాల దగ్గర పక్కనే కూర్చుని, నీళ్ళ సభ సంగతి తనే ఎత్తింది.

"మల్ల గట్లయితే ఏం జేస్తరు మేడం?"

"మల్ల గట్లనే జేస్త" అన్నాను. "గాని ముందుగాల నిన్ను అడుగుత."

"అడిగితే నేను వద్దనేదాన్ని గావచ్చు."

"వద్దంటే నీ ఎనకాలనే నిలవడి పాడుదును."

ఆమె వడ్డించేవాణ్ణి పిలిచి నా విస్తట్లో ఇంకొంచెం పప్పు వేయించింది.