చాచా రంపం

తెలంగాణ కోసం ఊరూరా ధూంధాం ఆటపాటల సభలు జరుగుతున్న రోజులవి. కేసముద్రంలో వడ్రంగం చేసే చాచా సభ మైక్‌సెట్‌కు బేస్ స్పీకర్ పెట్టె కడుతుంటే, దాని గాలిగొట్టం పొడవు నేను కంప్యూటర్‌లో లెక్కగట్టి ఇచ్చాను. పెట్టె మోగినప్పుడల్లా ఆయన గొట్టం ముందు అరచెయ్యి పెట్టి, పసిపిల్ల ఊపిరి చూసినట్టు చూసేవాడు.

సభకు ముందు ఆ చెయ్యి ఎంతకీ తీయలేదు.

"మోత జర తేడగున్నది బేటా. లెక్క సరిగనే ఉన్నదా?"

చెక్క మందం తీసెయ్యకుండా పెట్టె బయటి కొలతలే కంప్యూటర్‌కు ఇచ్చానని, గొట్టం పొడవు తప్పిందని అప్పుడు తట్టింది. అయినా "ఉన్నది చాచా" అన్నాను.

తొలి డప్పు దెబ్బలకే స్పీకర్ చిరిగింది.

"ఏంది చాచా, పెట్టె చేసినవా, కోళ్లగూడు చేసినవా?" మైక్‌సెట్ యజమాని అరిచాడు.

"నా రంపమే తప్పింది," అన్నాడు చాచా. నేను వంగి వైర్లు చుట్టసాగాను.

మర్నాడు ఆయనే మా ఇంటికొచ్చాడు.

"కొత్త చెక్క తెచ్చిన. లెక్క నువ్వే చెయ్యి బేటా. ఈసారి నేను పైలంగ చూసి కోస్త."