నాయిన కాలి మీద అనుమానం

నాకు అనుమానం ఎక్కువ. పాలాయన చెంబు వంచే తీరు చూసి అందులో నీళ్లెన్నో చెప్పగలననుకునేదాన్ని. మేడ్చల్‌లో రక్తపరీక్షల ల్యాబులో నా ఉద్యోగం నిలబడింది కూడా ఆ గుణం వల్లే. మైక్రోస్కోపు కింద తెల్లకణాలు లెక్కపెట్టడం నా పని. ఒంట్లో ఎక్కడైనా చీము పడితే అవి పెరుగుతాయి. పెరగకపోతే చీము లేదు. నాకు తెలిసిన సైన్సు అంతే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాయిన వల భుజాన వేసుకుని శామీర్‌పేట చెరువు కట్ట దిగుతూ రాళ్ల మీద జారిపడ్డాడు. కుడికాలు మోకాలి కింద విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. మూడు నెలలు కాలు కింద మోపొద్దన్నారు. మూడు కాస్తా ఆరయ్యాయి. ఎక్స్‌రేలో విరిగిన గీత అలాగే ఉంది. కుట్లు శుభ్రంగా మానాయి, జ్వరం లేదు, వాపు లేదు. నొప్పి మాత్రం ఉందనేవాడు. ఎముక అతకకపోతే ఆయన ఇక నీళ్లలో దిగలేడు. చేపలు పట్టడం తప్ప ఆయనకు వేరే పని రాదు.

నేనే రక్తం తీసి, నేనే లెక్కపెట్టాను. తెల్లకణాలు మామూలుగానే ఉన్నాయి. అంటే ఇన్‌ఫెక్షన్ లేదు. మరి తప్పెవరిది? నా కళ్లు నాయిన మీద పడ్డాయి. ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదాయన. నేను డ్యూటీకి, అమ్మ చేపల గంపతో అంగడికి పోగానే చెరువు దాకా పోయి వస్తున్నాడని గట్టిగా నమ్మాను.

ఒకరోజు పొద్దున నాయిన నిద్రలో ఉండగా మంచం చుట్టూ పలచగా ముగ్గుపిండి చల్లి డ్యూటీకి పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే గడప దాకా అడుగులు!

“గివేంది నాయినా?”

“ఎడమకాలివి బిడ్డా. కర్ర పట్టుకొని కుంటుకుంట బాత్రూంకు పోయిన. కుడికాలు కింద పెట్టలే.”

వంగి చూశాను. నిజమే, అన్నీ ఎడమ పాదాలే. అయినా నా నోరు ఊరుకోలేదు. “కుడివి చెరిపేసినవ్!” అన్నాను.

“నీకు పిచ్చి లేసిందా? గా పిండి మీద జారిపడితే ఏంది గతి?” అని అమ్మ గంప దించకుండానే తిట్టింది. ఆయన్ను వెనకేసుకొస్తోందని ఆమెనూ అనుమానించాను.

తర్వాతి వారం డాక్టరు అడిగాడు, కాలు మీద బరువు మోపుతున్నాడా అని. నాయిన నోరు తెరిచేలోపే, “మోపుతున్నడు సార్, మా మాట ఇనడు” అన్నాను. నాయిన నా ముఖం చూసి తల దించుకున్నాడు. ల్యాబులో పనిచేసే కూతురి మాట కదా, డాక్టరు నమ్మాడు. నా రిపోర్టూ చూశాడు. కదలొద్దని నాయినను కోప్పడి, మళ్లీ కట్టు వేసి పంపాడు. అలా ఇంకో నాలుగు నెలలు పోయాయి.

చివరికి వేరే ఆసుపత్రిలో ఒక పెద్ద డాక్టరు కాలు తెరిచి, రాడ్డు తీసి, ఎముక దగ్గరి కండ ముక్కలు పరీక్షకు పంపాడు. క్రిములు దొరికాయి. ఆయన నన్ను కూర్చోబెట్టి నిదానంగా చెప్పాడు.

“ఇవి రాడ్డుకు పాచిలా పట్టుకుని ఉంటాయమ్మా. తెల్లకణాలు అక్కడిదాకా వెళ్తాయి, పాచిలోకి చొరబడలేవు. అక్కడే పోట్లాడుతూ ఉంటాయి, ఎముక అతికే పని సాగదు. రక్తంలో మాత్రం లెక్క మామూలుగానే కనిపించొచ్చు.”

కాలు దక్కుతుందని, మందులు చాలా కాలం వాడాలని అన్నాడు. నాకు సంతోషం కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. ఏ ముఖం పెట్టుకుని వార్డులోకి వెళ్లాలో తెలియలేదు.

నాయిన మెలకువగానే ఉన్నాడు. దుప్పటి సర్దుతుంటే ఎడమకాలి చీలమండ చుట్టూ నల్లగా ఒరుసుకుపోయిన గుర్తు కనబడింది. బాగున్న కాలికి ఇదేమిటి? ఆసుపత్రి వాళ్లే ఏదో చేశారని మళ్లీ అనుమానపడ్డాను.

“గిదెట్ల అయింది నాయినా?”

“వలతాడు” అన్నాడు. “నువ్వు రోజూ గట్ల అంటుంటే నాకే అనుమానమొచ్చింది బిడ్డా. నిద్రల లేసి నడుస్తున్ననేమో, నాకు ఎరుక లేదేమో అనుకున్న. పండేటప్పుడు మంచంకోడుకు కట్టేసుకున్న.”

ఆ గుర్తు మీద చెయ్యి వేశాను.

“ఇగ కట్టుకోకున్నా మంచిదేనా?” అని నన్నే అడిగాడు.