తప్పు మీద ఒకటే గీత

సార్ పోయారని ఆదిలాబాద్ నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. ముందురోజు ఆయన్ను అంబులెన్సు ఎక్కించి పంపింది మేమే. ఇచ్చోడలోని మా చిన్న ఆసుపత్రి కౌంటర్ ముందు అప్పటికే జనం నిలబడి ఉన్నారు. ఫోన్ జేబులో పెట్టుకుని బిల్లులు కొడుతూనే ఉన్నాను. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీశాక గానీ ఆయన ఇక రారన్న సంగతి నా బుర్రకు ఎక్కలేదు. మళ్లీ మూత పెట్టేసి కౌంటర్లో కూర్చున్నాను.

ఆయన డాక్టరు కాదు, నాకు పై అధికారీ కాదు. బండ్లు గుద్ది దెబ్బలు తగిలినవాళ్ల ఆసుపత్రి బిల్లులను బీమా ఆఫీసు తరఫున ఏళ్ల తరబడి పరీక్షించిన మనిషి. రిటైరయ్యాక అదే పరీక్షకు ఆసుపత్రులను సిద్ధం చేసే పని పెట్టుకున్నారు. కరీంనగర్‌లో ఇల్లు. జమ్మికుంట నుంచి భైంసా దాకా ఎవరు పిలిచినా బస్సులోనే వెళ్లేవారు. ఇలాంటి పని ఒకటి ఉంటుందని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. లారీ గుద్దినవాడికి మేము కట్టు కట్టి పంపిస్తాం. ఆ తర్వాత బీమావాళ్లు వచ్చి ఫైలు తెరుస్తారు. ఎప్పుడు తెచ్చారు, ఎవరు చూశారు, దెబ్బ ఏ కాలికి, సంతకం ఎవరిది అని అడుగుతారు. ఎక్కడ అనుమానం తగిలినా బిల్లు పక్కకు పోతుంది, డబ్బు ఆగిపోతుంది. ఆ ఇంటివాళ్లు ఇక కోర్టు చుట్టూ తిరుగుతూనే ఉంటారు.

మొదటిసారి వచ్చినప్పుడు ఆయన్ను చూస్తే మాకు ఒళ్లు మండింది. "ఇన్నేండ్లు మన బిల్లులు కోసిన మనిషే కదన్నా, ఇప్పుడేం నేర్పుతడు?" అంది మా సీనియర్ సిస్టర్ నాతో, ఆయనకు వినపడేలాగే.

సార్ నొచ్చుకోలేదు. "కోసిన చెయ్యి గదమ్మా, యాడ కోస్తరో దానికే ఎరుక" అని, బస్సులో కూర్చుని వాచిన కాళ్లను బల్ల కింద చాపుకున్నారు.

ఎప్పుడు చూసినా అలసిపోయే ఉండేవారు. చాయ్ అడిగి తెప్పించుకునేవారు, అది పూర్తిగా చల్లారాకే తాగేవారు. వేడిగా తాగితే ఏమవుతుంది సార్ అని ఒకసారి అడిగాను. "ఏమైతది, తొందరగ అయిపోతది. మళ్ల లేవాలె" అన్నారు.

ఆయన నేర్పే పద్ధతి వేరు. పాఠం చెప్పేవారు కాదు. కళ్లజోడు మార్చుకుని మా ఎదురుగా కూర్చుని, ఉత్తుత్తి తనిఖీ మొదలుపెట్టేవారు. అంతదాకా బిడ్డా, తమ్మీ అని పిలిచిన గొంతు ఒక్కసారిగా మారిపోయేది.

"పేషెంటు ఎప్పుడొచ్చిండు?"

"పదింటికి సార్."

"గడియారం చూసి రాసిన్రా, యాదికి రాసిన్రా?"

మేము అంచనాగా ఏదో చెప్పేవాళ్లం. అప్పుడు మళ్లీ పాత గొంతుతో చెప్పేవారు. "తెల్వంది తెల్వదనుండ్రి. అందాజ చెప్పకుండ్రి. తెల్వదన్నోన్ని ఎవ్వలు ఏం చెయ్యలేరు."

మా దగ్గర ఒక అలవాటు ఉండేది. తనిఖీ ఉందనగానే, ఇంటికి పెళ్లిచూపులవాళ్లు వస్తున్నట్టు ఫైళ్లన్నీ ముస్తాబు చేసేవాళ్లం. దెబ్బలతో వచ్చినవాడి పక్కన నిలబడి రాసిన కాగితం మీద రక్తం ఉంటుంది, మందు మరకలు ఉంటాయి, కొట్టివేతలు ఉంటాయి. దాన్ని తీసేసి తెల్లటి కాగితం మీద గుండ్రటి అక్షరాలతో ఎక్కించేవాళ్లం. మోసం చేద్దామని కాదు. వచ్చిన పెద్దమనిషి చేతిలో మురికి కాగితం ఎట్లా పెడతామని. అదంతా మర్యాదే అనుకున్నాం.

అలాంటి ఫైలు ఒకటి తీసి, ఎవరు రాశారని సార్ అడిగారు. సిస్టర్ మురిసిపోతూ తానే అని చెప్పింది.

"రాత ముత్యాలెక్కనే ఉన్నది బిడ్డా. కానీ రక్తం కారేటోని పక్కన నిలవడి గిట్ల ఎవ్వలు రాయరు. నేనైతె గీ బిల్లు పక్కకు పెడ్త."

సిస్టర్ ముఖం చిన్నబోయింది. ఆయన కళ్లజోడు తీసి, కండువాతో తుడిచారు. "ఇసుంటియి మస్తు పక్కకు పెట్టిన. అందరు దొంగలే అనుకున్న. మీ అసుంటి మర్యాదస్తులు సుత ఉంటరని గిప్పుడు తిరుగుతుంటె తెలుస్తున్నది" అన్నారు. ఆ వయసులో, ఆ కాళ్లతో ఆయన ఎందుకు బస్సులెక్కుతున్నారో నాకు ఆరోజు అర్థమైంది.

తప్పు పడితే నల్లగా రుద్దొద్దనేది ఆయన అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పిన మాట. "ఒకటే గీత గియ్యుండ్రి. కింద ఏం రాసిన్రో కనవడాలె. పక్కన సరైంది రాసి సంతకం పెట్టుండ్రి. కనవడే తప్పును ఎవ్వలన్న నమ్ముతరు."

ఈమధ్య మళ్లీ తనిఖీ ఉందని కబురొచ్చింది. మమ్మల్ని సిద్ధం చేయడానికే సార్ బయలుదేరారు. మా ఆసుపత్రికి ఎదురుగా బస్సు దిగి హైవే దాటుతుంటే వ్యాను గుద్దింది. పాన్‌డబ్బా దగ్గరివాళ్లు మోసుకొచ్చి మా బల్ల మీద పడుకోబెట్టారు. స్పృహలోనే ఉన్నారు. డాక్టరుగారు చూస్తూ చెబుతుంటే సిస్టర్ రాస్తోంది. నేను సార్ తల పట్టుకుని నిలబడ్డాను. రాస్తున్నది తనలో తానే గొణుక్కోవడం ఆమెకు అలవాటు. ఎడమ కాలు అని గొణిగింది.

సార్ కళ్లు తెరిచారు. "ఎడమ గాదు బిడ్డా, కుడి" అన్నారు. ఊపిరి తీసుకుని, "రుద్దకు. ఒకటే గీత" అన్నారు. ఆమె గీత గీసి సంతకం పెట్టింది. "టైము చూసినవా?" అని అడిగారు. చూసిన సార్ అంది. కట్టు కట్టి ఆయన్ను ఆదిలాబాద్ అంబులెన్సు ఎక్కించాం. మాతో ఆయన అన్న ఆఖరి మాట అదే.

దినాలయ్యాక మేడం, అంటే సార్ భార్య, తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చింది. ఇలాంటి కేసుల్లో మొదట చూసిన ఆసుపత్రి కాగితమే అన్నిటికీ మొదలు. అది నిలబడకపోతే ఆదిలాబాద్ బిల్లు కూడా నిలబడదు. "నాకియ్యన్ని తెల్వయి తమ్మీ. ఆయన బతికినన్నొద్దులు మందియే చూసిండు. ఇప్పుడు ఆయనది మీరే చూడాలె" అంది నాతో. తల ఊపాను.

వాయిదా పడిన తనిఖీ మర్నాడు ఉందనగా, సాయంత్రం సిస్టర్ ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. తెల్లటి కాగితం. గుండ్రటి అక్షరాలు. కుడి కాలు అని ఒకేసారి, పొరపాటు లేకుండా రాసి ఉంది.

"సార్‌ది గట్ల మురికిగ పెట్టబుద్ధి అయితలేదన్నా."

కోప్పడే ఓపిక నాకు లేదు. పాతది ఎక్కడుందని మాత్రం అడిగాను. ఆమె దాన్ని తెచ్చిచ్చి, కొత్తదాన్ని తన చేతులతోనే చింపేసింది. "నాకెరుకే అన్నా. రాస్తే జర మనసు నిమ్మలమైతదనుకున్న" అంది.

మర్నాడు వచ్చిన తనిఖీ అధికారి కుర్రవాడు. సార్ కూర్చునే కుర్చీలోనే కూర్చున్నాడు. ఆ ఫైలు తెరిచి, వేలు ఒక్కో వరుస మీద దింపుతూ చదివాడు. గీత దగ్గర వేలు ఆగింది.

"ఇదేంటి?"

"తప్పు రాసిన సార్. దెబ్బ తగిలిన సారే సరిచేసిండు" అంది సిస్టర్.

గీత కింద ఎడమ అన్న మాట స్పష్టంగానే కనిపిస్తోంది. అతను కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు, సంతకం చూశాడు. వేలు కింది వరుసకు జరిగింది. ఫైలు చివరిదాకా చదివి, సరిగా ఉన్నవాటి దొంతరలో పెట్టాడు.

ఆ కాగితం అంచున, గోధుమరంగు మందు మరకలో, ఒక బొటనవేలి ముద్ర ఉంది. సార్‌దో, సిస్టర్‌దో, ఆయన తల పట్టుకున్న నాదో. అది ఎవరిదని అతను అడగలేదు. అడిగి ఉంటే తెలియదనే చెప్పేవాణ్ణి.