గడ్డం గీస్తూ చెప్పుకున్న మాటలు

న్యూజిలాండ్‌లోని టౌరంగాలో వృద్ధులుండే రెస్ట్ హోమ్‌లో నేను పనికి చేరేనాటికి నా కూతురికి రెండేళ్లు. వీసా నా ఒక్కదానికే వచ్చింది. పిల్లనూ మా ఆయననూ ఏలూరులో ఆడపడుచు దగ్గర ఉంచి వచ్చాను. ఆరు నెలల్లో పిలిపించుకుంటాననుకున్నాను. రెండేళ్లు పట్టింది.

ఆదివారం చర్చిలో ఆంటీలు పలకరించేవారు. "ఏమ్మా, సెటిల్ అయ్యావా?" "బానే ఉన్నానాంటీ." అంతకుమించి పెదవి విప్పేదాన్ని కాదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. కన్నపిల్లను వదిలి ఎలా వచ్చిందో అని ఒకావిడ వెనకాల అనడం నా చెవిన పడింది. నాకసలే కోపం ఎక్కువ. ఆ తర్వాత ఆవిడ తెచ్చిన బిర్యానీ ముట్టలేదు.

మనసులో తిరిగే మాట ఇంకొకరి చెవిన పడేదాకా, అది మనకు నిజంగా జరిగినట్టే ఉండదు. నాకు దొరికిన చెవి ఏడో గది తాతగారిది. ఒకప్పుడు ఆవుల్ని పెంచిన రైతు. భార్య పోయింది, పిల్లలు లేరు. పొద్దున్నే ఆయనకు గడ్డం గీయడం నా పని. తెల్లవాళ్ళ ముందు తెలుగులో ఏం మాట్లాడినా ఫరవాలేదని మనవాళ్ళకో ధైర్యం ఉంది కదా. నేనూ అదే ధైర్యంతో నురగ రాస్తూ మొదలుపెట్టేదాన్ని. చర్చి ఆవిడ, చెప్పాపెట్టకుండా షిఫ్టులు మార్చే సూపర్‌వైజరు, అన్నీ ఏకరువు పెట్టేదాన్ని. గోడకు చెప్పుకుంటున్నాననే అనుకున్నాను.

ఒకరోజు వీడియో కాల్‌లో నా కూతురు నన్ను చూసి మొహం తిప్పుకుంది. మా ఆడపడుచు మెడ పట్టుకుని, "అమ్మా, ఫోన్ కట్ చెయ్" అంది. "చిన్నపిల్ల, దానికేం తెలుసు, ఊరుకో" అన్నారు మా ఆయన. మర్నాడు తాతగారికి ఆ సంగతీ చెప్పాను. ఏడవలేదు. గీయడం అయ్యాక ఆయన ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగారు. "పాపకేమైంది?"

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను. నాకు పాప ఉందని ఆయనకు ఎప్పుడూ ఇంగ్లీషులో చెప్పలేదు. "అందర్నీ తిడతావు, ఒక్కరి ఊసు వచ్చినప్పుడు మాత్రం చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడతావు. అప్పుడు నీ చెయ్యి మెత్తబడుతుంది, నా బుగ్గకు తెలుస్తుంది" అన్నారు. అప్పుడు ఏడ్చాను. నా బిడ్డ నన్ను మరిచిపోతోందని తెలిసిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఓదార్చలేదు, తన తువ్వాలు అందించారు.

ఇప్పుడు నా ఇంటి నిండా మనుషులే. అయినా ఆ సబ్బు వాసన పొద్దుటిపూటలు గుర్తొస్తే మనసు లాగుతుంది. అంత శ్రద్ధగా నా మాటలు విన్నవాళ్ళు మళ్ళీ దొరకలేదు.

అప్పట్లో, చివరికి పాపకూ మా ఆయనకూ వీసాలు వచ్చాయి. పాప వచ్చిన మూడో నెలలో నన్ను అమ్మా అని పిలిచింది. ఆ ఆనందంలో ఏడో గదిలో చకచకా పని ముగించుకునేదాన్ని. "ఈమధ్య ఏమీ మాట్లాడటం లేదు" అన్నారాయన ఒకరోజు.

"పాప వచ్చేసింది. ఇక బెంగ లేదు."

చాలా సంతోషమన్నారు. మళ్ళీ ఆయనే, "అయినా ఏదో ఒకటి చెప్పు" అన్నారు.

బ్లేడు కడిగి పక్కన పెట్టాను. రెండేళ్లలో ఆయన సంగతి ఒక్కటీ అడగలేదని అప్పుడు తట్టింది. అడగాల్సింది. అడిగితే కూర్చోవాలి, వినాలి. పక్క గదిలో పిలుస్తున్నారని అబద్ధం చెప్పి బయటికి వచ్చేశాను.